మహమ్మారి కాలంలో డయాలసిస్ రోగుల మానసిక ఆరోగ్యం: మదనపల్లె, పుంగనూరు, కుప్పం

కిడ్నీలు పూర్తిగా పనిచేయడం మానేసిన మనిషి వారానికి రెండు మూడు సార్లు యంత్రం పక్కన పడుకుని రక్తం శుద్ధి చేయించుకుంటేనే బతుకుతాడు. రెండు మూడు విడతలు వరసగా తప్పితే కాళ్లు ఉబ్బుతాయి, ఆయాసం వస్తుంది, రక్తంలో పొటాషియం పెరిగి గుండె లయ తప్పుతుంది. 2020 మార్చిలో దేశాన్ని చుట్టుముట్టిన కోవిడ్-19 ఈ రోగులను రెండు వైపుల నుంచీ పట్టుకుంది. ఇంట్లో కూర్చుంటే ఉన్న జబ్బు, గడప దాటితే కొత్త జబ్బు. ఆ రెండేళ్లలో వారి మనసులు ఎలా నలిగాయి, ఎందుకు నలిగాయి, ఏ సాయం అందింది అన్నది ఈ వ్యాసం విషయం. అప్పటి ఉమ్మడి చిత్తూరు జిల్లాలో పడమటి మండలాలుగా పిలుచుకునే మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాలే దీనికి నేపథ్యం. 2022 ఏప్రిల్‌లో జిల్లాలను విడదీసినప్పుడు మదనపల్లె అన్నమయ్య జిల్లాలోకి వెళ్లింది, మిగతా రెండూ చిత్తూరులోనే ఉండిపోయాయి. మహమ్మారి నాటికి మాత్రం మూడూ ఒకే కలెక్టరు కింద ఉండేవి.

మహమ్మారి, మానసిక ఆరోగ్యం అనగానే వైరస్ భయం, ఒంటరితనం గురించే ఎక్కువగా రాస్తారు. డయాలసిస్ రోగుల విషయంలో అది సగం నిజమే. తర్వాతి డయాలసిస్ ఖాయంగా దొరుకుతుందన్న భరోసా ఉన్నచోట వారి మనసులు చాలావరకు నిలబడ్డాయి, ఆ భరోసా తెగినచోట కుంగిపోయాయి. బండి, బస్సు, చెక్‌పోస్టు, పింఛను లాంటి మాటలు మానసిక వైద్య గ్రంథాల్లో కనిపించకపోవచ్చు గానీ, ఇక్కడ అవి లేకుండా కథ అర్థం కాదు.

యంత్రం చుట్టూ తిరిగే వారం

హీమోడయాలసిస్ ఒక్కో విడత దాదాపు 4 గంటలు పడుతుంది. చేతిలో ధమనినీ సిరనూ కలిపి కుట్టిన ఫిస్టులాలోకి రెండు లావుపాటి సూదులు గుచ్చుతారు. ఒక సూది గుండా రక్తం బయటికి వచ్చి, డయలైజర్ అనే గొట్టంలో శుద్ధి అయ్యి, రెండో సూది గుండా ఒంట్లోకి తిరిగి వెళ్తుంది. నిమిషానికి 500 మిల్లీలీటర్ల చొప్పున లెక్కేసినా ఒక విడతకు 120 లీటర్ల శుద్ధి ద్రవం కావాలి. బోర్లు ఎండిపోయే ఈ సీమలో ఒక డయాలసిస్ కేంద్రం నడపడమంటే ముందు నీళ్లు చూసుకోవడమే. వారానికి మూడు విడతలు మంచిదని వైద్యులు చెప్తారు. దూరాభారం, ఖర్చు, మంచాల కొరత వల్ల మన దేశంలో చాలామంది రెండింటితోనే నెట్టుకొస్తారు.

కేంద్రంలోకి అడుగుపెట్టిన రోగి మొదట ఎక్కేది తూకం యంత్రం. ఒంట్లో అదనపు నీరు లేనప్పుడు ఉండాల్సిన బరువును డ్రై వెయిట్ అంటారు. పోయినసారి దిగిన బరువుకూ ఇవాళ ఎక్కిన బరువుకూ తేడా మూడు కిలోలు దాటిందంటే టెక్నీషియన్ ముఖం మారుతుంది. రోగి తల దించుకుంటాడు. ఎండాకాలం దాహానికి తాగిన రెండు చెంబుల మజ్జిగ తూకం మీద దొరికిపోతుంది. తినే తిండీ తాగే నీళ్లూ నేరంలా లెక్కకు వచ్చే బతుకు ఇది. అందులోనూ ఈ ప్రాంతానికి ప్రత్యేకమైన బాధ ఒకటుంది. దేశంలోనే పేరున్న టమాటా మార్కెట్ మదనపల్లెది. వంద గ్రాముల పండిన టమాటాలో దాదాపు 240 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది కాబట్టి డయాలసిస్ రోగి దాన్ని కొలిచి తినాలి. ఇంటింటా వండే రాగిసంగటిలోనూ, పక్కన నంజుకునే చెనిక్కాయల ఊరిబిండిలోనూ పొటాషియం, ఫాస్ఫరస్ రెండూ ఉంటాయి. కూరగాయలను ముక్కలు కోసి, ఉడికించి, ఆ నీళ్లు పారబోసి వండుకోమని డైటీషియన్లు చెప్తారు. ఒక్కరి కోసం వేరే కుండ పెట్టాలి. ఇంట్లో అందరితో కలిసి కూర్చుని ఒకే తిండి తినే సుఖం అక్కడితో పోతుంది. మనసు చెడటం చాలామందికి ఇలాంటి చిన్న చోటే మొదలవుతుంది.

మహమ్మారికి ముందే ఉన్న దిగులు

రోగులకు పనికొచ్చే కృత్రిమ కిడ్నీకి రూపం ఇచ్చినవాడు నెదర్లాండ్స్ వైద్యుడు విలెమ్ కోల్ఫ్. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగా 1943లో దాన్ని రోగులపై వాడటం మొదలుపెట్టాడు. 1960లో అమెరికాలోని సియాటెల్‌లో బెల్డింగ్ స్క్రిబ్నర్ రక్తనాళానికి శాశ్వతంగా అమర్చే షంట్ తయారుచేశాక, అప్పటిదాకా కొన్నాళ్ల ముచ్చటగా ఉన్న డయాలసిస్ ఏళ్ల తరబడి సాగే చికిత్స అయింది. యంత్రాలు తక్కువ, రోగులు ఎక్కువ. ఎవరికి చికిత్స ఇవ్వాలో తేల్చడానికి సియాటెల్‌లో సామాన్య పౌరులతో ఒక సంఘం వేశారు. బతికే హక్కును ఒక కమిటీ పంచడం గురించి 1962లో లైఫ్ పత్రిక రాసినప్పుడు పెద్ద దుమారమే రేగింది. దీర్ఘకాల డయాలసిస్ పుట్టిన చోటే, వంతు దొరుకుతుందా లేదా అన్న భయమూ పుట్టింది.

మన వైపు చూస్తే, పడమటి మండలాల వాళ్లు పెద్ద జబ్బు వస్తే మొదటి నుంచీ వెళ్లే ఊరు వేలూరు. భారతదేశంలో తొలి విజయవంతమైన కిడ్నీ మార్పిడి జరిగింది అక్కడి సీఎంసీ ఆసుపత్రిలోనే, 1971లో. మన రాష్ట్రంలో పేదలకు డయాలసిస్ అందుబాటులోకి వచ్చింది చాలా ఆలస్యంగా. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ, 2016లో కేంద్రం ప్రకటించిన ప్రధానమంత్రి జాతీయ డయాలసిస్ కార్యక్రమం వచ్చాకే పొలం అమ్ముకోకుండా నెలల తరబడి చికిత్స సాగించడం సాధ్యమైంది. అంతకుముందు ఈ ఊళ్లలో కిడ్నీలు చెడిపోయాయన్న మాటకు అర్థం ఒక్కటే ఉండేది.

డయాలసిస్ రోగుల్లో కుంగుబాటు సామాన్య జనంలో కంటే చాలా ఎక్కువ. ప్రపంచవ్యాప్తంగా జరిగిన అధ్యయనాలను కలిపి 2013లో వేసిన ఒక లెక్కలో, వైద్యులు ముఖాముఖి మాట్లాడి నిర్ధారించినప్పుడు 22.8 శాతం మందిలో, రోగులే ప్రశ్నావళి నింపినప్పుడు 39.3 శాతం మందిలో కుంగుబాటు తేలింది. రెండు అంకెల మధ్య అంత తేడా ఉండటానికి కారణం ఉంది. నీరసం, నిద్ర పట్టకపోవడం, ఆకలి మందగించడం, దేని మీదా ధ్యాస నిలవకపోవడం కుంగుబాటు లక్షణాలు. రక్తంలో యూరియా పేరుకుపోయినా సరిగ్గా ఇవే లక్షణాలు వస్తాయి. ఒళ్లంతా దురద, రాత్రిపూట కాళ్లు నిలకడగా ఉండనివ్వని లాగుడు వీటికి తోడైతే, ఇది ఒంటి జబ్బో మనసు జబ్బో అనుభవం ఉన్న వైద్యుడికి కూడా చటుక్కున తెలియదు. రోగికి అసలు తెలియదు. ‘కిడ్నీ పేషెంటు కదా, అట్నే ఉంటది’ అని ఇంట్లోవాళ్లు సరిపెట్టుకుంటారు. అమెరికా డయాలసిస్ రోగుల్లో ఆత్మహత్యలు సాధారణ జనాభాతో పోలిస్తే దాదాపు 84 శాతం ఎక్కువని 2005లో ఒక అధ్యయనం వెల్లడించింది. చికిత్స మొదలైన తొలి మూడు నెలల్లోనే ఆ ముప్పు ఎక్కువని కూడా అందులో తేలింది. విషం తాగడం, ఉరి వేసుకోవడమే ఆత్మహత్య అనుకునే మనకు, డయాలసిస్‌కు వెళ్లడం మానేసి ఇంట్లో పడుకున్న మనిషి ఏ లెక్కలోకీ రాడు.

దారులు మూసుకుపోయిన వసంతం

మూడు ఊళ్లలో కుప్పం ఒక్కదానికే మంచి రైలు మార్గం ఉంది. బెంగళూరు నుంచి జోలార్‌పేట మీదుగా చెన్నై వెళ్లే లైను ఆ ఊరి గుండా పోతుంది. మదనపల్లె రోడ్డు స్టేషను ఊరికి దూరంగా ధర్మవరం–పాకాల లైనులో ఉంటుంది. పుంగనూరుకు రైలే లేదు. కుప్పంలో పీఈఎస్ వైద్య కళాశాల ఆసుపత్రి, మదనపల్లెలో ప్రభుత్వ ఆసుపత్రి పెద్ద ఆధారాలు. అక్కడ కుదరనివాళ్లకు తిరుపతిలో స్విమ్స్, రుయా, వేలూరులో సీఎంసీ, ఇంకా కావాలంటే బెంగళూరు. మామూలు రోజుల్లో ఇన్ని దారులు ఉండటం ఈ ప్రాంతపు అదృష్టం. కుప్పం మనిషి పొద్దున కర్ణాటకలో డాక్టరును చూసి, మధ్యాహ్నం తమిళనాడులో మందులు కొని, రాత్రికి ఆంధ్రలో సంగటి తినగలడు. రాష్ట్రాల సరిహద్దులు మ్యాపులో మాత్రమే ఉన్నాయనుకుని బతికిన జనం వీళ్లు.

2020 మార్చి 22న జనతా కర్ఫ్యూ, అదే రోజు నుంచి ప్రయాణికుల రైళ్లు బంద్, 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్. ఆర్టీసీ బస్సులు మళ్లీ రోడ్డెక్కింది మే 21న. అంటే దాదాపు రెండు నెలలు, వారానికి రెండు మూడు సార్లు పట్నం చేరాల్సిన రోగికి ప్రభుత్వ రవాణా లేదు. డయాలసిస్ అత్యవసర సేవ అని కేంద్ర ఆరోగ్య శాఖ ఏప్రిల్‌లోనే స్పష్టం చేసింది. కాగితం మీద ఏ అడ్డూ లేదు. రోడ్డు మీద పోలీసు లాఠీ ఉంది. ఆసుపత్రి ఇచ్చిన డయాలసిస్ పుస్తకాన్ని ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుని, ప్రతి చెక్‌పోస్టు దగ్గరా తీసి చూపిస్తూ, ఫిస్టులా ఉన్న చేతిని చొక్కా పైకి మడిచి చూపిస్తూ వెళ్లాల్సి వచ్చింది. ఉబ్బి మెలికలు తిరిగిన ఆ రక్తనాళం అన్ని పాసుల కంటే గట్టి పాసు. తిరుగు ప్రయాణం ఇంకా కష్టం. నాలుగు గంటల డయాలసిస్ అయ్యాక బీపీ పడిపోయి, కళ్లు తిరుగుతూ ఉంటాయి. అలాంటి మనిషి బామ్మర్ది బైకు మీద వెనక కూర్చుని ముప్పై నలభై కిలోమీటర్లు పోవాలి. పెట్రోలు, ఆటో బాడుగ కోసం అప్పు చేయాలి. ఎవరికైనా భారం కాకూడదని జీవితమంతా పట్టుదలగా ఉన్న రైతుకు, వారానికి మూడుసార్లు ఊళ్లో ఎవరో ఒకరి బండి అడగాల్సి రావడం ఎంత చిన్నతనంగా ఉంటుందో చెప్పనక్కర్లేదు.

ఏప్రిల్ చివరి వారంలో జరిగిన ఒక సంగతి ఈ రోగుల మనసుల్లో ఏం జరిగిందో అర్థం చేసుకోవడానికి పనికొస్తుంది. చిత్తూరు జిల్లాలో కేసులు పెరుగుతున్నాయని వేలూరు జిల్లా యంత్రాంగం రెండు రోడ్ల మీద సిమెంటు ఇటుకలతో గోడలు కట్టింది. ఒకటి చిత్తూరు వైపు పొన్నై దారిలో, రెండోది పలమనేరు–గుడియాత్తం దారిలో. పుంగనూరు, మదనపల్లె వైపు నుంచి వేలూరు పోయేవాళ్లకు ఈ రెండోదే దగ్గరి దారి. అధికారుల మధ్య మాటలు నడిచాక ఒకట్రెండు రోజుల్లోనే గోడలు పడగొట్టారు. పరిపాలన లెక్కలో అదొక చిన్న వివాదం, పత్రికల్లో ఒక ఫొటో. యాభై ఏళ్లుగా ఏ పెద్ద జబ్బుకైనా నమ్ముకున్న ఆసుపత్రి దారి మీద రాత్రికి రాత్రి ఇటుకల గోడ లేచిందని వాట్సాప్‌లో చూసిన కిడ్నీ రోగికి మాత్రం అది వేరే విషయం. గోడ పోయినా, రేపు మళ్లీ కట్టరని నమ్మకం ఏముంది?

మే నెలలో చెన్నై కోయంబేడు మార్కెట్ నుంచి వ్యాధి కూరగాయల లారీల వెంట జిల్లాలోకి వచ్చింది. టమాటా పండించే, అమ్మే, మోసే ఇళ్ల నుంచే వచ్చే డయాలసిస్ రోగులు ఎందరో. ఇంట్లో ఒకరు మార్కెట్‌కు పోకపోతే పూట గడవదు, పోతే ఇంట్లో ఉన్న రోగికి ప్రమాదం. ఆ ఇళ్లలో రోగి వేరే గదిలో పడుకోవడం, గది లేకపోతే వసారాలో మంచం వేసుకోవడం మామూలైంది.

కేంద్రం లోపల

డయాలసిస్ హాలును బయటివాళ్లు దుఃఖపు చోటు అనుకుంటారు. అలవాటైనవాళ్లకు అది ఒక రచ్చబండ. సోమ, బుధ, శుక్ర బ్యాచ్ అంటే ఏళ్ల తరబడి అవే ముఖాలు, అవే మంచాలు, టీవీలో ఏ చానల్ పెట్టాలన్న అదే గొడవ. ఎవరికి క్రియాటినిన్ ఎంత ఉందో, ఎవరి కూతురికి పెళ్లి కుదిరిందో అందరికీ తెలుసు. మదనపల్లెలో తెలుగు, ఉర్దూ, కుప్పంలో వీటికి తమిళం, కన్నడం కలిసి ఒకే హాల్లో వినిపిస్తాయి. కొత్తగా సూదులకు భయపడే రోగికి ధైర్యం చెప్పేది డాక్టరు కాదు, పక్క మంచం మీదున్న పాత రోగి.

కోవిడ్ కోసం 2020 ఏప్రిల్‌లో వచ్చిన డయాలసిస్ మార్గదర్శకాలు ఈ లోకాన్ని మార్చేశాయి. లోపలికి రాకముందే జ్వరం, దగ్గు పరీక్ష. మంచాల మధ్య ఎడం. అనుమానం ఉన్నవాళ్లకు వేరే షిఫ్టు, వేరే యంత్రం. రోగి వెంట తోడు వద్దు. ఇవన్నీ అవసరమే. వాటివల్లే చాలా ప్రాణాలు నిలిచాయి. కానీ సూదులు గుచ్చేటప్పుడు చెయ్యి పట్టుకునే భార్య బయట చెట్టు కింద ఉండిపోయింది. పీపీఈ కిట్లలో ఉన్న టెక్నీషియన్ల ముఖాలు కనిపించకుండా పోయాయి. మాస్కు వెనక మాటలు సరిగా వినపడక వయసు మళ్లినవాళ్లు మాట్లాడటమే మానుకున్నారు. వారానికి మూడుసార్లు కలిసే మనిషి మంచం ఒకరోజు ఖాళీగా కనిపిస్తే, ఊరికి వెళ్లాడా, కోవిడ్ వచ్చిందా, పోయాడా అని అడగడానికి కూడా ఎవరికీ నోరు రాలేదు. జవాబు ఏం వస్తుందో తెలుసు.

అన్నిటికంటే మెలిక పెట్టింది ఆయాసం. ఒక విడత తప్పితే ఒంట్లో నీరు ఊపిరితిత్తుల్లోకి చేరి ఊపిరాడదు. కోవిడ్ న్యుమోనియాలోనూ ఊపిరాడదు. ఎక్స్‌రేలో రెండూ తెల్లగానే కనిపిస్తాయి. అర్ధరాత్రి ఆయాసంతో లేచి కూర్చున్న మనిషి తనకు వచ్చింది ఏదో తెలుసుకోలేడు. ఆసుపత్రికి పోతే ముందు స్వాబ్ టెస్టు, ఫలితం వచ్చేదాకా డయాలసిస్ ఆగుతుందేమో అన్న భయం. పోకపోతే తెల్లారేసరికి ఉంటాడో లేదో. చాలామంది దిండ్లు ఎత్తు పెట్టుకుని కూర్చునే తెల్లవార్లూ గడిపారు. ఈ స్థితిని వట్టి ఆందోళన అని రాసేస్తే తప్పవుతుంది. వాళ్లు భయపడిన ప్రమాదం నిజమైనది. కోవిడ్ సోకిన డయాలసిస్ రోగుల్లో 28 రోజుల్లో చనిపోయే అవకాశం 20 శాతం ఉన్నట్టు ఐరోపా కిడ్నీ రిజిస్ట్రీ 2020లోనే తేల్చింది.

రెండో వేవ్

2021 మార్చి 1 నుంచి 60 ఏళ్లు దాటినవాళ్లకూ, 45 దాటి తీవ్ర జబ్బులున్నవాళ్లకూ టీకాలు ఇవ్వడం మొదలైంది. ఆ జబ్బుల జాబితాలో డయాలసిస్ మీదున్న కిడ్నీ రోగుల పేరు ఉంది. వేసుకున్న ధైర్యం నిలిచేలోపే రెండో వేవ్ వచ్చిపడింది. ఏప్రిల్ 27న కర్ణాటక, మే 5న ఆంధ్రప్రదేశ్, మే 10న తమిళనాడు ఆంక్షలు బిగించాయి. మన రాష్ట్రంలో ఉదయం 6 నుంచి మధ్యాహ్నం 12 దాకే సడలింపు. పొద్దున షిఫ్టు రోగి యంత్రం దిగి, సూదుల చోట రక్తం ఆగేదాకా దూది నొక్కిపట్టుకుని బయటికొచ్చేసరికే ఆ గడువు ముగుస్తుంది.

మే 10 రాత్రి తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ ఒత్తిడి పడిపోయింది. ట్యాంకరు రావడం ఆలస్యమైంది. అధికారుల లెక్క ప్రకారమే 11 మంది చనిపోయారు. ఆ వార్త పడమటి మండలాల డయాలసిస్ హాళ్లను కుదిపేసింది. ఏదైనా తేడా వస్తే తీసుకెళ్లాల్సింది తిరుపతికే కదా అనుకున్నవాళ్లకు ఆ చివరి ఆశ కూడా సడలింది. అదే నెలలో బ్లాక్ ఫంగస్ కేసులు మొదలయ్యాయి. కిడ్నీలు చెడిపోయినవాళ్లలో ఎందరికో మూలకారణం షుగరే, ఆ ఫంగస్ ఎక్కువగా పట్టేదీ షుగరు రోగులనే. కన్ను కాస్త ఎర్రబడితే చాలు, ఇంటిల్లిపాదికీ నిద్ర లేదు.

లెక్కలు చెప్పేది

మహమ్మారి మొదటి ఏడాదిలో ప్రపంచమంతటా ఆందోళన, కుంగుబాటు దాదాపు 25 శాతం పెరిగాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మార్చిలో ప్రకటించింది. డయాలసిస్ రోగుల్లో ఇంకెంత పెరిగిందో అనుకుంటాం. నెదర్లాండ్స్‌లో కోవిడ్‌కు ముందు, మొదటి వేవ్ నడుమ డయాలసిస్ రోగుల మానసిక స్థితిని కొలిచి చూస్తే చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఇల్లు కదలకుండా ఉండటం, తిండి మీద ఆంక్షలు, రేపటి మీద అనుమానం వీళ్లకు కొత్త కాదు, లోకానికి కొత్త. అందుకే లోకం కుంగినంతగా వీళ్లు కుంగలేదని ఒక వివరణ. ఇందులో నిజం ఉంది. ఏళ్లుగా డయాలసిస్ మీదున్నవాళ్లలో ఒక మొండి ధైర్యం కనిపిస్తుంది. 1997 నుంచి డయాలసిస్‌తోనే బతుకుతూ, డయాలసిస్ కేంద్రాలు నడిపే నెఫ్రోప్లస్ సంస్థ స్థాపనలో పాలుపంచుకున్న హైదరాబాద్ వాసి కమల్ షా లాంటివాళ్లు, డయాలసిస్‌తోనూ ఉద్యోగం, ప్రయాణం, సరదా అన్నీ సాధ్యమేనని ఎప్పటినుంచో చెప్తూనే ఉన్నారు.

అయితే నెదర్లాండ్స్ రోగికి మహమ్మారిలోనూ డయాలసిస్ సాగింది. మన దేశంలో 19 పెద్ద ఆసుపత్రుల సమాచారంతో 2020లో వెలువడిన అధ్యయనం వేరే బొమ్మ చూపించింది. లాక్‌డౌన్‌కు ముందు అక్కడ 2,517 మంది క్రమంగా డయాలసిస్ చేయించుకుంటుండగా ఆ సంఖ్య 2,404కు పడిపోయింది. 28 శాతం మంది కనీసం ఒక విడత పోగొట్టుకున్నారు. 69 మందికి అత్యవసరంగా డయాలసిస్ చేయాల్సి వచ్చింది. 104 మంది అసలు రావడమే మానేశారు. ఇవి పెద్ద నగరాల్లోని పెద్ద ఆసుపత్రుల అంకెలు. నాకైతే ఈ 104 దగ్గరే చూపు ఆగిపోతుంది. కుంగుబాటు ప్రశ్నావళి నింపడానికి రోగి కేంద్రానికి వచ్చి ఉండాలి. రాకుండా పోయినవాళ్ల మనసు ఏ అధ్యయనంలోనూ లేదు.

ఇంట్లో

రోగి కంటే ముందు కుంగిపోయేది చాలాసార్లు భార్య. తూకం, మందులు, వేరే వంట, రక్తహీనతకు ఇచ్చే ఎరిత్రోపోయిటిన్ ఇంజెక్షన్ కోసం తిరగడం ఆమె పనే. రోగి ఆడమనిషైతే పరిస్థితి ఇంకోలా ఉంటుంది. భర్తకో అన్నకో పని మానిపించి తోడు తీసుకెళ్లాలి, అందుకే ఒక విడత తప్పించుకుంటే పోయేదేముందని తనకు తానే సర్దిచెప్పుకుంటుంది. కిడ్నీ దానం చేసేవాళ్లలో ఆడవాళ్లు ఎక్కువ, తీసుకునేవాళ్లలో మగవాళ్లు ఎక్కువ అన్నది మన దేశమంతటా ఉన్న సంగతే. మహమ్మారిలో మార్పిడి ఆపరేషన్లు వాయిదా పడ్డాయి. తేదీ కూడా ఖాయమై, పరీక్షలన్నీ పూర్తయి ఆగిపోయినవాళ్ల బాధ డయాలసిస్ మొదటి రోజు బాధ కంటే ఎక్కువ.

ఈ చీకట్లో గట్టిగా పనిచేసిన ఏర్పాటు ఒకటుంది. 2019లో రాష్ట్ర ప్రభుత్వం డయాలసిస్ రోగుల పింఛనును నెలకు 10,000 రూపాయలు చేసింది. 2020 ఫిబ్రవరి నుంచి వాలంటీర్లు ఒకటో తేదీన ఇంటికే తెచ్చి ఇచ్చేవారు, లాక్‌డౌన్‌లోనూ అది ఆగలేదు. పథకాల రాజకీయం పక్కన పెడితే, ఆటో బాడుగ చేతిలో ఉన్న రోగికీ, లేని రోగికీ మనసులో ఉండే తేడాను ఏ మాత్రా తీర్చలేదు. 2020 జులై 1న 1,088 కొత్త 108, 104 వాహనాలు రోడ్డెక్కడం కూడా పల్లెలకు ధైర్యమిచ్చింది.

గుర్తించడం, చికిత్స

జాతీయ మానసిక ఆరోగ్య సర్వే (2015–16) ప్రకారం మన దేశంలో మానసిక సమస్యలున్నవాళ్లలో రకాన్ని బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదు. కిడ్నీ రోగి ఆ వరసలో ఇంకా వెనక నిలబడతాడు, ఎందుకంటే అతన్ని చూసే ప్రతి డాక్టరూ కిడ్నీ గురించే అడుగుతాడు. కుంగుబాటును గుర్తించే తొమ్మిది ప్రశ్నల పీహెచ్‌క్యూ-9 తెలుగులో ఉంది, నర్సు పది నిమిషాల్లో అడిగేయొచ్చు. ‘ఈమధ్య దేని మీదా మనసు పోవడం లేదా’, ‘బతికి లాభం లేదనిపిస్తోందా’ అని సూటిగా అడిగితే చెడు ఆలోచన పుట్టించినట్టు అవుతుందని భయపడనక్కర్లేదు. అడిగినందువల్ల ముప్పు పెరగదు, అడిగేవాళ్లు ఉన్నారన్న ఊరట దొరుకుతుంది.

మందుల విషయంలో జాగ్రత్త కావాలి. కిడ్నీల గుండా బయటికి పోవాల్సిన మందులు వీరి ఒంట్లో పేరుకుపోతాయి. నరాల నొప్పికి, కాళ్ల లాగుడుకు ఇచ్చే గబాపెంటిన్ మోతాదు తగ్గించకపోతే మత్తు, తడబాటు వస్తాయి. నిద్ర కోసం మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే మాత్రలు అసలు వద్దు. కుంగుబాటుకు ఎక్కువగా వాడేది సెర్ట్రలీన్. 2019లో అమెరికాలో వెలువడిన అసెండ్ అధ్యయనం దీన్ని మాటల చికిత్సతో పోల్చింది. ఆ మాటల చికిత్స ఇచ్చింది రోగి డయాలసిస్ చేయించుకుంటున్నప్పుడే, కుర్చీ పక్కనే కూర్చుని. 12 వారాలకు సెర్ట్రలీన్ కాస్త మెరుగనిపించింది, దుష్ఫలితాలూ దానికే ఎక్కువ. మాటల చికిత్స తీసుకున్నవాళ్లూ బాగుపడ్డారు. మన పడమటి మండలాలకు పనికొచ్చే సంగతి అందులో ఉంది. మనసు డాక్టరు కోసం ఇంకో రోజు ఇంకో ఊరు పోలేని మనిషి, ఎలాగూ వారానికి ఎనిమిది పన్నెండు గంటలు ఒకేచోట మెలకువగా పడుకుని ఉంటాడు.

కుప్పం, మదనపల్లెలకు దగ్గర్లోని పెద్ద మానసిక వైద్య సంస్థ బెంగళూరులోని నిమ్‌హాన్స్. 2020 లాక్‌డౌన్‌లో అది ఫోన్ సలహా కేంద్రం తెరిచింది. అదే ఏడాది సెప్టెంబరులో కేంద్రం కిరణ్ హెల్ప్‌లైన్ ప్రారంభించింది. 2022 అక్టోబరు 10న మొదలైన టెలి మానస్ ఇప్పుడు 14416 నంబరులో రాత్రింబవళ్లు పనిచేస్తోంది, తెలుగులోనే మాట్లాడొచ్చు. కుప్పం వైపువాళ్లకు తమిళం, కన్నడం కూడా ఉన్నాయి. ఫోనుతో ఉన్న చిక్కు ఒకటే: డయాలసిస్ హాల్లో పక్క మంచం వింటుంది, ఇంట్లో కోడలు వింటుంది.

దీర్ఘకాలం పాటు మనుషుల్ని ఇంటికి దూరంగా ఉంచి వైద్యం చేయడం మదనపల్లెకు తెలియని విద్య కాదు. పక్కనే ఆరోగ్యవరంలో 20వ శతాబ్దం రెండో దశకంలో మొదలైన క్షయ శానిటోరియంలో రోగులు నెలలు, ఏళ్లు గడిపేవారు. డెన్మార్క్ వైద్యుడు ఫ్రిమొట్ మోలర్ దాన్ని తీర్చిదిద్దాడు. మంచి గాలి, మంచి తిండితో పాటు తోటి రోగుల సాంగత్యం కూడా అక్కడ వైద్యంలో భాగమే. రాష్ట్రానికి ఇంకో కొసన శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఊళ్లకు ఊళ్లనే పట్టి పీడిస్తోంది. అక్కడి గోడు ఏళ్లకు ఏళ్లు వినిపించాక 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి వచ్చింది. పడమటి మండలాల్లో రోగులు అలా ఒకచోట గుంపుగా లేరు. పల్లెకు ఒకరిద్దరు చొప్పున చెదిరి ఉన్నారు కాబట్టి వాళ్ల సమస్యకు పేరు లేదు, ఊరేగింపు లేదు.

మహమ్మారిలో దారులు మూసుకుపోయినప్పుడు ఇంట్లోనే చేసుకోగల పెరిటోనియల్ డయాలసిస్ మేలని నెఫ్రాలజిస్టులు గట్టిగా చెప్పారు. కడుపులోకి గొట్టం గుండా ద్రవం నింపి, కొన్ని గంటల తర్వాత తీసేయడం ఈ పద్ధతి. జాతీయ కార్యక్రమంలో దీనికి 2019లోనే మార్గదర్శకాలు వచ్చాయి. రోజుకు మూడు నాలుగు సంచుల ద్రవం, నెలకోసారి ఇంటికి వచ్చే అట్టపెట్టెలు, దుమ్ము పడని ఒక మూల కావాలి. ఆ పెట్టెలు పుంగనూరు దగ్గరి పల్లె దాకా నెలనెలా తప్పకుండా చేరితే సగం బెంగ తీరుతుంది. లారీ రావడం మానేస్తే మళ్లీ మొదటికే వస్తుంది.